మామిడి టెంక ఏ సంచిల వెయ్యాలె?

కొరియా ముచ్చట్లు: మీరు అడిగిన్రు, నేను చెప్తున్న

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ముందటేసుకుని చూస్తే రెండు కుప్పలైనయి. సీరియళ్లు చూసి రాసేటోళ్లు ఒక దిక్కు, ఏజెంటు ఫోన్ చేసిండని రాసేటోళ్లు ఇంకో దిక్కు. మా ఆయన ఉద్యోగం మూలాన కొరియాల సువాన్ పట్నంల ఏండ్లకేండ్లు కాపురం చేసొచ్చి, ఇప్పుడు నల్గొండ రామగిరిల కూసుని రాస్తున్న. నాకు తెలిసిన కొరియా ఆ రెండు కుప్పల్ల దేంట్లనూ లేదు. పెద్దోళ్లకు రెండు చేతులతోని ఇయ్యాలె, చెప్పులిడిసి ఇంట్లకు పోవాలె అని మనకు ఎవరూ నేర్పే పని లేదు. మనోళ్లు తడబడేది మర్యాదల కాడ కాదు. చెత్త సంచి కాడ, వీసా కాగితం కాడ, గోడ అవతలోళ్ల నిద్ర కాడ. అందుకే ఈసారి వాటికే జాగ ఎక్కువిచ్చిన.

మా పిల్లగాడు ఆగస్టు ఆఖర్ల డేజాన్‌కు ఎమ్మెస్ చదువ పోతున్నడు. తినేటియి ఏమేం కట్టి పంపొచ్చు? అక్కడ చేత్తోని తింటే నవ్వుతరా?
– ఒక తల్లి, దేవరకొండ

అక్కా, ముందుగాల పెట్టగూడనివి చెప్త. మొదటిది గసగసాలు. మనం కోడికూరల నూరి పోసుకునే గసగసాలే! నల్లమందు మొక్క గింజలు గనుక అక్కడ మత్తుపదార్థాల లెక్కల కడ్తరు. అమెరికాల దొరికే ఒక మసాలా సీసాల ఈ గింజలున్నయని విమానాశ్రయంల పట్టుకునుడు పెద్ద వార్తే అయ్యింది. నీ ఇంటి గరం మసాలాల అవి కలిపి ఉంటే ఆ డబ్బా నీ దగ్గర్నే పెట్టుకో, పిల్లగానికి వేరేగ దంచు.

రెండోది, మాంసం. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి, ఒట్టి తునకలు ఏదీ వద్దు. ఇంట్ల చేసిన మాంసం ఏ రూపంల ఉన్నా లోపలికి రానియ్యరు. చెప్పకుండ దాచి దొరికితే పడే జరిమానా పిల్లల పైసలతోని అయ్యేది కాదు. పచ్చి మామిడికాయలు, తాజా కరివేపాకు కూడా అంతే. కరివేపాకు ఎండబెట్టి పొడి చెయ్యి. మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు, నువ్వుల పొడి, కారం నూనె కారకుండ కట్టి పంపు. కందిపప్పుకు, చింతపండుకు బరువు దండగ చెయ్యకు. సియోల్ ఇటేవాన్‌ల, ఆన్సాన్‌ల మన సరుకుల దుకాణాలున్నయి, ఆన్‌లైన్‌ల ఆర్డర్ పెడితే గడప కాడికి వస్తయి.

ఇగ తినుడు. అన్నం, సూప్ చెంచాతోని, పక్కన కూరలు స్టీలు పుల్లలతోని తింటరు. చేత్తోని అన్నం కలిపితే నవ్వరు గాని చూపు తిప్పుకోరు. అట్లని చెయ్యే పెట్టరనుకునేవు. మాంసం కాల్చుకుని తినే హోటల్‌కు పోతే చూడాలె. లెట్యూస్ ఆకును అరచేతుల పరుస్తరు, దాని మీద కాల్చిన ముక్క, ఎల్లిపాయ రెబ్బ, ఇంత సోయా ముద్ద, కొంచెం అన్నం పెట్టి మూటలెక్క మడిచి ఒక్క బుక్కల నోట్లె పెట్టుకుంటరు. సగం కొరికితే మూట ఇప్పుకుని ఒళ్లెకు వస్తది. దవడలు రెండూ ఉబ్బి మాట రాకుండ అయితేనే అది సరిగ్గ తిన్నట్టు. మనోడు ఈడ వెనకపడడు.

గిన్నె బల్ల మీదనే ఉంచాలె, చేతిలకు లేపొద్దు. అన్నంల పుల్లలు నిలువుగ గుచ్చొద్దు, అది సచ్చినోళ్లకు పెట్టే తీరు. కారానికి ముక్కు కారితే బల్ల కాడ చీదకుండ బయటికి పోవాలె. గొడ్డుమాంసం పడనోళ్లయితే రామ్యన్ (వాళ్ల నూడుల్స్) ప్యాకెట్లు చూసి కొనమను, చానావాటి మసాలాల గొడ్డు రసం ఉంటది. శాకాహారి అయితే ఇంకా కష్టం. కిమ్చీ అనే క్యాబేజీ తొక్కులనే పులవెట్టిన రొయ్యలో, చేపల రసమో పడ్తది.

దిగినంక 90 రోజులల్ల విదేశీయుల రిజిస్ట్రేషన్ చేయించుకుని కార్డు తీసుకోవాలె. అది లేంది బ్యాంకు పని గాదు, ఫోన్ పని గాదు. 2021 మార్చి నుంచి విదేశీ విద్యార్థులకు కూడా అక్కడి జాతీయ ఆరోగ్య బీమా తప్పనిసరి. నెల నెల కట్టాలె. బాకీ పెడితే వీసా పొడిగింపు కాడ అడ్డం తగుల్తది.

కొరియా ఫ్యాక్టరీల పని, నెలకు రెండు లక్షలు, ఆరు లక్షలు కడితే పంపుతా అంటున్నడు ఏజెంటు. పొలం కుదువ పెడదామనుకుంటున్న. నమ్మొచ్చా?
– యువకుడు, అచ్చంపేట

తమ్మీ, పొలం కాగితాలు మళ్ల బీరువల పెట్టు.

కొరియా ఫ్యాక్టరీలకు, పొలాలకు బయటి దేశాల పనోళ్లను తీసుకునే పద్ధతి 2004ల మొదలైంది. ఆ వీసా పేరు ఈ-9. అది ఏజెంట్లు అమ్మేది కాదు, ప్రభుత్వానికి ప్రభుత్వానికి నడుమ ఒప్పందం. భాష పరీక్ష రాయాలె, పేరు జాబితాకెక్కాలె, అక్కడి యజమాని ఎంచుకోవాలె. ఆ ఒప్పందమున్న దేశాలల్ల నేపాల్ ఉన్నది, శ్రీలంక ఉన్నది, బంగ్లాదేశ్, పాకిస్తాన్ ఉన్నయి. మన దేశం లేదు. "నేపాలోడు పోతున్నడు గదా, మనమెందుకు పోవొద్దు" అని ఏజెంటు అడిగే ప్రశ్నకు జవాబు గదే.

జీతం మాట పూర్తిగ అబద్ధం కాదు, అందుకే మందికి నమ్మకం కుదురుతది. 2026ల కనీస వేతనం గంటకు 10,320 వోన్లు. వారానికి 40 గంటల పని లెక్కన నెలకు 21 లక్షల 56 వేల వోన్లు దాటుతది, మన పైసలల్ల లక్ష పైమాటే. గాని అది వీసా ఉన్నోనికి. నీకు ఏజెంటు చేతిల పెట్టేది టూరిస్టు వీసా అయి ఉంటది. గడువు దాటినంక నువ్వు దొంగచాటుగ బతకాలె. జీతం ఎగ్గొట్టినా, చెయ్యి మిషన్ల పడ్డా బయటికి చెప్పాల్నంటే భయం. దొరికితే వెనక్కి పంపుతరు, కొన్నేండ్ల దాక మళ్ల అడుగు పెట్టనియ్యరు.

ఈ-7 అని ఒక వృత్తి వీసా ఉన్నది. దానికి చదువో, పనిల అనుభవమో కాగితాల మీద చూపాలె, ఫలానా కంపెనీ నిన్నే పిలవాలె. ఎవడన్న ఆ పేరు చెప్తే ముందు కేంద్ర ప్రభుత్వం ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌ల వాని పేరు రిజిస్టర్ అయ్యి ఉన్నదా చూడు. రిజిస్టర్ అయిన ఏజెంటు నీ దగ్గర తీసుకోవాల్సిన సేవా రుసుం 30,000 రూపాయలు, మీద జీఎస్టీ. ఆరు లక్షలు అడిగెటోడు ఏ లెక్కల అడుగుతున్నడో నువ్వే అడుగు. రసీదు అడిగితే మాట మారుస్తడు, చూస్తవు.

కొరియాల అందరూ కుక్కమాంసం తింటరట గదా? పైగ ఎప్పుడూ యుద్ధ భయమట. మనుమరాలిని పంపాల్నంటే మనసొప్పుతలేదు.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, సూర్యాపేట

సార్, మొదటి దానికి తారీకుతోని చెప్త. 2024 జనవరి 9న వాళ్ల పార్లమెంటు కుక్కమాంసం వ్యాపారం మీద నిషేధం పెట్టింది. 2027 ఫిబ్రవరి నుంచి తినేతందుకు కుక్కను పెంచినా, కోసినా, అమ్మినా శిక్ష. అంతకుముందు కూడా అది ఎండకాలం బలానికని ముసలోళ్లు తాగే సూప్ తప్ప ఇంటింటి కూర కాదు. మా అపార్టుమెంటుల కుక్కలకు స్వెట్టర్లు తొడిగి, పిల్లల బండ్లల్ల కూసోబెట్టి తిప్పెటోళ్లు. మీ మనుమరాలికి ఒక్కటే చెప్పండి: క్లాసుల ఈ ముచ్చట మీద జోకు వెయ్యొద్దని. ఇండియా అంటే పాములాడిచ్చెటోళ్ల దేశమని ఎవరన్న అంటే మనకెంత కాల్తదో వాళ్లకూ అంతే.

యుద్ధం సంగతి మీకు నాకంటే ఎక్కువ తెలుసు. ఉత్తర, దక్షిణ కొరియాల యుద్ధంల 1953 జులై 27న కాల్పులు ఆపే ఒప్పందమైంది, శాంతి ఒప్పందం ఇప్పటిదాక కాలేదు. మన సైన్యం డాక్టర్లు, 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ వాళ్లు, ఆ యుద్ధంల గాయపడ్డోళ్లకు వైద్యం చేసిన్రు. తర్వాత ఖైదీలను అప్పగించే కమిషన్‌కు మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు. ఇప్పుడు రోజువారీ బతుకుల అది కనబడేది ఒక్క కాడనే: మొగపిల్లలు చదువు నడుమ ఆపి ఏడాదిన్నర సైన్యంల చేసొస్తరు. అందుకే డిగ్రీ రెండో ఏడాదిల ఇరవై మూడేండ్లోళ్లు కనబడ్తరు. ఫెయిలైనోళ్లు అనుకోవద్దు.

నేనూ సువాన్‌లనే ఉంట, మాది కల్వకుర్తి. ఆఫీసుల అన్నం కాడ మాటల్ల మాట, మా ఆయన నాకు మేనబావ అని చెప్పిన. చెంచాలు ఆగిపోయినయి. అప్పటిసంది తేడాగ చూస్తున్నరు. ఏం చెప్పి సర్దిచెప్పాలె?

చెల్లె, వాళ్లు చెంచాలు ఆపకపోతేనే ఆశ్చర్యపోవాలె. కొరియా చట్టంల ఎనిమిదో మెట్టు లోపలి రక్తసంబంధీకులు పెండ్లి చేసుకోరాదు. ఆ మెట్లు లెక్కపెట్టే తీరు ఇట్ల: తల్లీ బిడ్డలది ఒకటి, అన్నదమ్ములది రెండు, మేనమామది మూడు, మేనబావది నాలుగు. అంటే మన బావామరదళ్ల వరస వాళ్ల గీతకు మస్తు లోపల ఉన్నది. ఈ నిషేధం మీద కోర్టుకు పోయినోళ్లు కూడా ఉన్నరు. 2022 అక్టోబర్‌ల రాజ్యాంగ న్యాయస్థానం నిషేధం సరైనదే అన్నది. అయిపోయిన పెండ్లిని ఊకెనే చెల్లదనుడు మాత్రం తగదని చెప్పింది. (మన దిక్కు మేనమామను చేసుకునేటోళ్లు కూడా ఉన్నరని అదే పూట చెప్పకు. ఒక్కొక్క రోజు ఒక్కొక్కటి.)

గాని నీకు ఒక దారి ఉన్నది. గోత్రం కాడ మొదలుపెట్టు. ఒకే ఇంటిపేరు, ఒకే మూలస్థానం ఉన్నోళ్లు ఎంత దూరపోళ్లయినా పెండ్లాడరాదని వాళ్లకు చట్టమే ఉండె. 1997ల కోర్టు దాన్ని కొట్టేసింది, 2005ల చట్టంల నుంచి తీసేసిన్రు. గింహే మూలస్థానంగ, కిమ్ ఇంటిపేరుగ ఉన్న గింహే కిమ్‌లే నలభై లక్షల పైన మంది. ఆ అందరూ ఒకళ్లకొకళ్లు అన్నాచెల్లెళ్ల లెక్కనే ఉండాల్నంటే ప్రేమించుకున్న పోరగాండ్ల గతి ఏందో ఊహించుకో. గందుకే "మాకూ ఒకే గోత్రమైతే కుదరదు, తండ్రి దిక్కు వరస మొత్తం అన్నాచెల్లెళ్లే, మేనత్త పోయిన ఇల్లు వేరే గోత్రం గనుక ఆ ఇంటికి ఇస్తరు" అని చెప్పు. యాభై దాటినోళ్లకు ఠక్కున అర్థమైతది. చిన్నోళ్లకు పెద్దోళ్లే చెప్పుకుంటరు.

పిల్లల ఆరోగ్యం గురించి అడిగితే కోపం తెచ్చుకోకు. మేనరికమని చెప్తే నల్గొండ డాక్టరమ్మ కూడా అదే అడుగుతది.

ఆ గింహే కిమ్‌లల్ల ఎవరన్న మీ ఆఫీసుల ఉంటే మాట కలుపు. వాళ్ల మూలపురుషుడు సురో రాజును పెండ్లాడిన రాణి ఓడల ఆయుతా అనే దేశం నుంచి వచ్చిందని 13వ శతాబ్దంల ఒక బౌద్ధ సన్యాసి రాసి పెట్టిండు. అది మన అయోధ్యనే అని చానమంది నమ్ముతరు, అయోధ్యల ఆమె పేరున స్మారకం కూడా కట్టిన్రు. రుజువు సంగతి పక్కకు పెట్టు, అన్నం బల్ల కాడ మాత్రం మంచిగ పనికొస్తది.

కొత్త ఫ్లాట్‌కు మారి టీంవాళ్లను భోజనానికి పిలిస్తే టాయిలెట్ పేపర్ కట్టలు, బట్టల సబ్బు పొడి తెచ్చిన్రు. ఇల్లు శుభ్రంగ లేదన్నట్టా అని మా ఆవిడ బాధపడ్తున్నది.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పంగ్యో (సొంతూరు వనపర్తి)

బాధపడొద్దని చెప్పు తమ్మీ, అది దీవెన. సబ్బు నురగ పొంగినట్టు సంపద పొంగాలె, కాగితం చుట్ట సాగినట్టు పనులు అడ్డం లేకుండ సాగాలె అని. ఏడాదికి సరిపోను దాచుకోండి.

వాళ్ల పెండ్లికి పిలిస్తే మీరు తెల్ల కవర్ల పైసలు పెట్టాలె. పసుపు పెట్టని తెల్ల కవరు చేతికియ్యాల్నంటే మనసొప్పదు, అయినా అదే పద్ధతి. 30 వేలు, 50 వేలు, 70 వేల వోన్లు, ఇట్ల బేసి సంఖ్య ఉండాలె. లక్ష అయితే నడుస్తది. మనకు 116, 516 లెక్క ఉన్నట్టే వాళ్లకు అదొక లెక్క. హాలు గుమ్మం కాడ బల్ల ఏసుకుని పేరు రాసుకుంటరు, రేపు మీ ఇంట్ల కార్యమైతే ఆ పుస్తకం తీసి చూసి అంతే పెడ్తరు. గంటల పెండ్లి, ఫొటో, బఫే అయిపోతయి. మీ ఆవిడను తెల్ల డ్రెస్సు మాత్రం ఏసుకోవద్దను, అది పెండ్లిపిల్లకే.

మా చెత్త సంచి మీద స్టిక్కర్ అంటిచ్చి అక్కడనే ఇడిసిపెట్టి పోయిన్రు. నేను మంచిగ మూతి కట్టే పెట్టిన గదా?
– గృహిణి, ఆన్సాన్ (సొంతూరు మిర్యాలగూడ)

మూతి కట్టుడు కాదమ్మా, లోపల ఏమున్నదన్నది ముచ్చట. ముందు సంచి ఏదో చూడు. 1995 జనవరి నుంచి అక్కడ చెత్తకు సంచి లెక్కన పైసలు. మీ నగరం పేరు అచ్చేసిన సంచి కిరాణంల కొనాలె, దాని ధరలనే ఎత్తుకపోయే ఖర్చు ఉంటది. బట్టల దుకాణపోడు ఇచ్చిన కవర్ల కట్టి పెడితే ఎవరూ ముట్టరు. పక్క ఊరి సంచి కూడా చెల్లదు.

తర్వాత తిండి చెత్త. అది వేరే సంచి, లేకుంటే వేరే డబ్బా. 2005 నుంచి తిండి చెత్తను నేరుగ భూమిల పూడ్చుడు బంద్ చేసిన్రు; దాన్ని దాణాగ, ఎరువుగ మారుస్తరు. కాబట్టి చేతిల ఏది పట్టుకున్నా ఒకటే అడుగు: దీన్ని పశువు నమిలి తింటదా? మామిడి తొక్క తింటది, తిండి చెత్తల వెయ్యి. టెంక తినదు, అది మామూలు సంచిల. చింతపండు పిసికిన పిప్పి ఇటు, గింజలు అటు. కోడి బొక్కలు, గుడ్డు పెంకులు, ఉల్లిపొట్టు, ఎల్లిపాయ పొట్టు, చాయ్‌పత్తా ఇవన్నీ మామూలు సంచిలకే. నీ స్టిక్కర్ ఎక్కువలెక్క బొక్కల మూలాననే అయి ఉంటది, మన ఇండ్లల్ల ఆదివారం చెత్త అంటే అదే గదా. కొన్ని అపార్టుమెంట్లల్ల డబ్బాకు కార్డు చూపెడితే మూత తెరుసుకుని బరువు తూస్తది, ఆ బరువుకే బిల్లు. పప్పుచారు నీళ్లు వంపేసి, పిండినట్టు చేసి వెయ్యి. నీళ్లకెందుకు పైసలు కట్టుడు.

నీళ్ల సీసాకు కాగితం పీకి, కడిగి, నలిపి, మూత పెట్టాలె. రంగు లేని సీసాలు వేరే పెట్టుడు 2020 డిసెంబర్ నుంచి అపార్టుమెంట్లల్ల రూల్. రాత్రిపూట మూలకు ఇడిసిపెట్టి వద్దామనుకునేవు, కెమెరా ఉంటది. సంచి ఇప్పి పార్సిల్ డబ్బా మీది అడ్రసు పట్టుకుని మరీ వస్తరు. జరిమానా పది లక్షల వోన్ల దాక ఉన్నది.

అడగకపోయినా ఇంకొకటి. పొద్దుగాల అయిదింటికి దోసెపిండికి మిక్సీ తిప్పకు, రోకలి అస్సలే వద్దు. కింద ఇంటోళ్లకు మన చప్పుడు వాళ్ల నెత్తి మీదనే. ఈ పంచాయితీలు పోలీసుల దాక పోతయి. మందపాటి రబ్బరు చాప ఒకటి కొని దాని మీద మిక్సీ పెట్టు, పిల్లలు ఉరికే గదిల కూడా పరువు.

నాకు కొరియన్ పాటలు పిచ్చి. అక్కడోళ్లు సీరియళ్లల్ల లెక్క మెత్తగ మాట్లాడ్తరా? నేను నల్లగ ఉంట, నన్ను రానిస్తరా?
– డిగ్రీ విద్యార్థిని, మహబూబ్‌నగర్

బిడ్డా, రానిచ్చేది వీసా, రంగు కాదు. గాని నువ్వు అడిగినదానికి తియ్యగ అబద్ధం చెప్ప. బస్సుల నీ పక్క సీటు నిండకుండనే ఉంటది ఒక్కోసారి. అదే బస్సుల ఒక ముసలమ్మ నీ జడ పట్టుకుని చూసి, సంచిల నుంచి తునికిపండు లెక్కుండే పెద్ద పర్సిమన్ పండు తీసి చేతిల పెడ్తది. రెండూ నిజమే. 2009ల బుచాన్‌ల బస్సు మీద ఒక భారతీయ పరిశోధకుణ్ని రంగు పేరుతోని తిట్టినాయనకు కోర్టు జరిమానా ఏసింది. అప్పుడది పెద్ద వార్త. వివక్ష మీద అన్నిటికీ కలిపి ఒక చట్టం తేవాలని కొట్లాట నడుస్తనే ఉన్నది, ఇంకా రాలేదు.

మెత్తదనమంటవా, సీరియళ్లల్ల ఆఫీసు కనబడ్తది గాని ఆఫీసు పని కనబడదు. పాటల పిచ్చిని భాషకు మలుపు. వాళ్ల అక్షరాలు 24, మన గుణింతం వచ్చినోళ్లకు తొందరగ పట్టు దొరుకుతది. కొరియన్ భాష ఎంత వచ్చో చూసే టోపిక్ పరీక్ష ఆరు మెట్లు. మూడో మెట్టు దాటి, డిగ్రీ మార్కులు మంచిగుంటే కొరియా ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్‌కు పెట్టుకో. గదిల గోడ మీది పోస్టర్లు ఉండనియ్యి, అమ్మ ఏమన్నా నేను చెప్పిననని చెప్పు.

ఇండియన్లకు 19 దాక ఎక్కాలు వస్తయని కొరియావాళ్లు అనుకుంటరట?
– ఇంటర్ విద్యార్థి, గద్వాల

అవును, ఒకప్పుడు అక్కడ అది పెద్ద పిచ్చి. వాళ్ల బడుల నేర్పేది తొమ్మిది దాకనే. ఇండియన్ అనంగనే పదిహేడు పద్దెనిమిదుల ఎంత అని అడుగుతరు. 306. ఇది ఒక్కటన్న బట్టీ పట్టుకుని పో, పరువు నిలబడ్తది.

కొరియాల మనిషికి రెండు వయసులుంటయా?
– నాగర్‌కర్నూల్ పాఠకురాలు

పుట్టంగనే ఒకటి, కొత్త సంవత్సరం రాంగనే ఇంకొకటి లెక్కపెట్టెటోళ్లు. 2023 జూన్ 28 నుంచి సర్కారు లెక్కలకు మన పద్ధతే. అయినా కలిసిన రెండో మాటకే ఏ ఏడు పుట్టినవని అడుగుతరు. పెద్దనా చిన్ననా తెలిస్తే గాని ఎట్ల మాట్లాడాలో తేలదు. తప్పు పట్టకండి, మనం కులం దాక పోతం.

మా అబ్బాయి రూమ్మేట్ రాత్రిపూట ఫ్యాన్ బంద్ చేస్తున్నడట, చచ్చిపోతమని. పిచ్చా?
– నకిరేకల్ పాఠకుడు

పిచ్చి కాదన్నా, తలుపులు మూసి ఫ్యాన్ ఏసుకుని పండుకుంటే ప్రాణం పోతదని అక్కడ పాత నమ్మకం. ఫ్యాన్లకు టైమర్లు అందుకే చూసుకుంటరు. అదే నిజమైతే మే నెల దాటేసరికి నల్గొండ జిల్లాల ఓట్లెయ్య మనిషి మిగలడు. కిటికీ జర తెరిసి పెట్టమనండి, ఇద్దరూ పండుకుంటరు.